ఫాగ్ లైట్లు, లెగ్ గార్డ్ పాలసీలో ఎక్కించిన తీరు: నా అనుభవం

బండి రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350, 2023 జనవరి రిజిస్ట్రేషన్, టీఎస్ 03. 2025 జూలైలో దానికి లెగ్ గార్డ్, రెండు పక్కలా సాడిల్ స్టే (పక్క సంచులకు ఆసరా కడ్డీ), ముందు విండ్‌షీల్డ్, టూరింగ్ సీటు, ఒక జత ఫాగ్ లైట్లు, ఫోన్ చార్జర్ పెట్టించాను. మొత్తం సామాను 21,600 రూపాయలు. జూలై చివరి వారంలో ఇన్సూరెన్స్ వాళ్లకు రాస్తే ఆగస్టు పదిహేను దాటాక ఎండార్స్‌మెంట్ కాగితం, అంటే పాలసీలో ఆ సామాను చేర్చినట్టు రాసిచ్చేది, వచ్చింది. సంక్రాంతికి రెన్యువల్ చేసేటప్పుడు మళ్లీ కొంత పని పడింది. ఇంతా చేసి ఆ ఎండార్స్‌మెంట్‌కు అదనంగా కట్టిన ప్రీమియం మూడొందలు కూడా లేదు. డబ్బు సమస్యే కాదు, అంతా కాగితాల దగ్గరే ఉంది.

మొదటి చిక్కు ఏ కంపెనీ దగ్గరికి పోవాలన్నది. 2018 సెప్టెంబర్ నుంచి కొత్త టూవీలర్‌కు ఐదేళ్ల థర్డ్ పార్టీ (ఎదుటివాళ్ల నష్టానికి) తప్పనిసరి, ఓన్ డ్యామేజ్ (ఓడీ, మన బండి నష్టానికి) మాత్రం ఏడాదికే తీసుకోవచ్చు. అందుకని నా థర్డ్ పార్టీ షోరూంలో ఇచ్చిన కంపెనీలో 2028 జనవరి దాకా నడుస్తుంది. ఓన్ డ్యామేజ్ రెండో ఏడాది నుంచి ఇంకో కంపెనీకి మారింది. హనుమకొండలో థర్డ్ పార్టీ కంపెనీ ఆఫీసుకు పోతే అరగంట కూర్చోబెట్టి, "మా దాంట్ల ఎక్కది సార్, ఓడీ ఎవరి దగ్గరుందో ఆల్లనే అడగాలె" అన్నారు. వాళ్లు చెప్పింది నిజమే. బిగించిన సామాను సొంత నష్టం కింద వచ్చేది కాబట్టి ఓన్ డ్యామేజ్ పాలసీలోనే ఎక్కుతుంది. మీ దగ్గర ఉత్త థర్డ్ పార్టీ పాలసీ ఉంటే ఇక్కడితోనే ఆట ముగిసినట్టు.

ఓడీ కంపెనీ మెయిల్‌కు రెండ్రోజుల్లో జవాబిచ్చింది. అడిగినవి: ఉత్తరం, ఆర్సీ కాపీ, పాలసీ కాపీ, ప్రతి వస్తువుకు జీఎస్టీ బిల్లు, బిగించాక తీసిన ఫొటోలు. కింద ఒక లైన్ ఉంది: ఆర్సీలో ఉన్న వివరాలు మారే మార్పులకు ఆర్టీఓ అనుమతి చూపించాలి. మోడిఫికేషన్ గురించి జనంలో ఉన్న భయాలన్నీ ఈ ఒక్క లైన్‌లోనే ఉన్నాయి.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు, ఆర్సీకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే మాట గట్టిగా చెప్పింది. అనుమతి లేని మార్పుకు 182ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదంటే రెండూ. ఆర్సీలో ఏముంటాయో తీసి చూడండి: ఇంజిన్ నంబర్, చాసిస్ నంబర్, సీసీ, రంగు, సీట్లు, బరువు. ఎర్ర బండికి నల్ల ర్యాప్ అంటించినా రంగు మారినట్టే. ఆర్టీఓలో ఎక్కించుకోవాలి, ఫైనాన్స్ ఉంటే వాళ్ల ఎన్ఓసీ కూడా కావాలి. లెగ్ గార్డ్, సీటు, లైట్లు వీటిలో దేన్నీ మార్చవు. అందుకే వాటిని యాక్సెసరీ కింద తీసుకుంటారు.

సైలెన్సర్ సంగతి వేరు. "ఆర్సీల సైలెన్సర్ రాసి ఉండదు కదా అన్నా, మరి ఎందుకు ఎక్కియ్యరు?" అని బిగించే కుర్రాడే నన్నడిగాడు. ఆర్సీలో లేకపోయినా శబ్దం, పొగ నియమాలున్నాయి. 190వ సెక్షన్ కింద మొదటిసారికే 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లేదంటే రెండూ. చట్టం ఒప్పుకోని వస్తువుకు విలువ కట్టి పాలసీలో రాయమని అడగడంలో అర్థం లేదు. నాది కంపెనీ సైలెన్సరే కాబట్టి నాకు ఆ గొడవ రాలేదు. మార్చుకున్నవాళ్లు ఇన్‌స్పెక్షన్‌కు ముందు పాతది పెట్టి, ఫొటోలయ్యాక మళ్లీ కొత్తది బిగిస్తున్నారు. రేపు యాక్సిడెంట్ అయితే నష్టం లెక్క కట్టే సర్వేయర్ ముందున్న ఫొటోలో ఒక సైలెన్సర్, ఎదురుగా బండికి ఇంకొకటి. అప్పుడు లెగ్ గార్డ్ డబ్బులు కూడా ఆగిపోవచ్చు.

ఇక బిల్లులు. వరంగల్‌లో సామాను అమ్మే దుకాణాల్లో సగం మంది ఇచ్చేది చిట్టీ. ఫాగ్ లైట్లకు ముందు చెప్పిన ధర వేరు, పక్కా బిల్లు అడిగాక ధర వేరు. అప్పటికి విడిభాగాల మీద జీఎస్టీ 28 శాతం, 2025 సెప్టెంబర్ 22 నుంచే 18కి దిగింది. ఆ తేడా చూసి చిట్టీకి ఒప్పుకోవద్దు, చిట్టీ మీద ఇన్సూరెన్స్ వాళ్లు పైసా విలువ కట్టరు. బిల్లు మీద దుకాణం జీఎస్టీ నంబర్, తేదీ, వస్తువు పేరు, మోడల్, మీ పేరు, బండి నంబర్ ఉండాలి. బండి నంబర్ రాయమంటే చాలామంది చేత్తో రాస్తామంటారు. కంప్యూటర్ బిల్లులోనే కొట్టించండి, చేత్తో రాసినదాన్ని నా ముందే ఒకసారి పక్కన పెట్టారు. ఇంకొకటి: "బైక్ యాక్సెసరీస్ – 21,600" అని ఒకే లైన్‌లో వేయించుకోకండి. ఎలక్ట్రికల్‌కు ఒక రేటు, మిగతావాటికి ఇంకో రేటు, విడివిడిగా లేకపోతే బిల్లు తిరిగొస్తుంది. బిగింపు కూలీ వేరే లైన్‌లో ఉండాలి, అది వస్తువు విలువలోకి రాదు.

నా లెక్క ఇలా వచ్చింది. లెగ్ గార్డ్ 3,900, సాడిల్ స్టే 2,400, విండ్‌షీల్డ్ 2,700, సీటు 4,600, ఇవి కలిపి నాన్ ఎలక్ట్రికల్ 13,600. ఫాగ్ లైట్లు వైరింగ్ కిట్‌తో 6,500, చార్జర్ 1,500, ఎలక్ట్రికల్ 8,000.

వైరింగ్ గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే ఇన్‌స్పెక్షన్‌లో వాళ్లు దగ్గరగా చూసింది దాన్నే. హెడ్‌లైట్ వైరు కోసి, ఒలిచి, టేపు చుట్టి లైట్లు కలపడం మన దగ్గర మామూలు పద్ధతి. పది నిమిషాల్లో అయిపోతుంది. వానాకాలంలో ఆ టేపు కిందికి నీళ్లు దిగి రాగి పచ్చబడుతుంది, ఆ జాగాలో వేడి పుడుతుంది, చివరికి షార్ట్. కంపెనీ వైరింగ్ కోస్తే ఎలక్ట్రికల్ వారంటీ కూడా పోతుంది. సరైన పద్ధతిలో లైట్లకు కరెంటు నేరుగా బ్యాటరీ నుంచి రావాలి, మధ్యలో ఫ్యూజ్, రిలే (చిన్న సిగ్నల్‌తో పెద్ద కరెంటును కలిపే స్విచ్) ఉండాలి. తాళం తిప్పితేనే రిలే పనిచేసేలా చిన్న సిగ్నల్ వైరు మాత్రం ఇగ్నిషన్ నుంచి తీసుకోవాలి, అదీ కప్లర్‌తో, కోయకుండా. నావి ఒక్కోటి 30 వాట్లు, రెండూ కలిపి 60. 12 వోల్టుల మీద 5 ఆంపియర్లు. ఫ్యూజ్ 10 ఆంపియర్లది. ఫ్యూజ్ ఎప్పుడూ బ్యాటరీకి జానెడు దూరం లోపే ఉండాలి. స్విచ్ దగ్గర పెడితే బ్యాటరీకి, స్విచ్‌కు మధ్య వైరు ఒరిసిపోయినా ఫ్యూజ్ కాలదు, వైరే కాలుతుంది. ట్యాంకు కింద, స్టీరింగ్ మెడ దగ్గర వైరుకు గొట్టం తొడిగించి, హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పి ఎక్కడైనా లాగుతోందా అని చూడాలి. ఈ పనికి కూలీ 800 అడిగారు, టేపు పనికైతే 200.

ఉత్తరం, బిల్లులు పంపాక వారం దాటినా చప్పుడు లేదు. కాల్ సెంటర్‌కు చేస్తే ప్రతిసారీ కొత్త మనిషి, ప్రతిసారీ మొదటి నుంచి చెప్పుకోవాలి. మెయిల్‌కు వచ్చిన రిక్వెస్ట్ నంబర్ చెప్తేనే కదిలింది. అప్పుడు ఫోన్‌కు ఇన్‌స్పెక్షన్ లింక్ వచ్చింది. మనిషి ఎవరూ రారు, మనమే ఫొటోలు తీయాలి. లింక్ ఒక్క రోజే పనిచేస్తుంది, లొకేషన్ ఆన్‌లో ఉండాలి, గ్యాలరీలో ఉన్న ఫొటో పెట్టనివ్వదు. పొద్దున ఎండ పల్చగా ఉన్నప్పుడు మొదలుపెట్టడం మంచిది.

నాలుగు దిక్కులా బండి, నంబర్ ప్లేట్లు, మీటర్ రీడింగ్, ఇంజిన్ నంబర్, చాసిస్ నంబర్, ఒక్కో వస్తువు దగ్గర నుంచి, చివర్లో లైట్లు వేసి బండి చుట్టూ తిరుగుతూ వీడియో. ఇందులో సతాయించేది చాసిస్ నంబరే. స్టీరింగ్ పైపు మీద కొట్టి ఉంటుంది, కేబుళ్ల వెనక, దుమ్ము, జిడ్డు పట్టి. కిరసనాయిలో, డీజిలో తడిపిన గుడ్డతో తుడిచి, ఇంకో ఫోన్ టార్చి పక్క నుంచి అడ్డంగా కొడితే అంకెల నీడ పడి చదవడానికి వస్తుంది. ఎదురుగా కొడితే తెల్లగా మెరిసి ఏమీ కనిపించదు.

పంపిన రోజు సాయంత్రమే ఎడమ పక్క ఫొటో ఒక్కటి వెనక్కి వచ్చింది. "సారీ గార్డ్ లేదు" అని కారణం. సాడిల్ స్టే బిగించడానికి ఆ బోల్టులే కావాలని కుర్రాడు సారీ గార్డ్ తీసి పక్కన పెట్టాడు. చాలా షాపుల్లో ఇదే చేస్తారు, అడగరు కూడా. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది వెనక కూర్చునేవాళ్ల రక్షణ గురించి: చెయ్యి పట్టుకునే పిడి, కాళ్లు పెట్టుకునే ఫుట్‌రెస్ట్, బట్టలు చక్రంలో పడకుండా అడ్డు, మూడూ ఉండాలి. తీసేస్తే అది యాక్సెసరీ పెట్టినట్టు కాదు, బండిలో ఉండాల్సింది లేనట్టు. పొడుగు బోల్టులు, రెండు వాషర్లు, ఒక చిన్న పట్టీ వేయించి గార్డ్, స్టే రెండూ ఒకేచోట నిలబెట్టించాను. 150 రూపాయల పని. మీరు స్టే కొనేటప్పుడే గార్డ్ ఉంచి బిగించే రకం అడగండి, దొరుకుతుంది. మళ్లీ ఫొటో పంపితే సరేనన్నారు. వెనక మడ్‌గార్డ్ కోసి నంబర్ ప్లేట్ పైకి ఎత్తించుకున్నవాళ్లకు కూడా ఇలాగే తిరిగొస్తుంది. హై సెక్యూరిటీ ప్లేట్ వంచినా, కోసినా అసలు తీసుకోరు.

ప్రీమియం లెక్క చెప్పమంటే బ్రాంచిలో ఒకాయన కాగితం మీద వేసి చూపించారు. ఆరు నెలల లోపు వస్తువు కాబట్టి బిల్లు విలువలో 5 శాతం తగ్గించి 95 శాతం ఎక్కిస్తారు: నాన్ ఎలక్ట్రికల్ 12,920, ఎలక్ట్రికల్ 7,600. నాన్ ఎలక్ట్రికల్‌కు బండి ఓడీ రేటే పడుతుంది. పాత టారిఫ్‌లో, అంటే ప్రీమియం రేట్ల పట్టికలో, ఎనిమిది పెద్ద నగరాలు జోన్ ఏ, మన దగ్గర హైదరాబాద్ ఒక్కటే అందులో ఉంది. వరంగల్ జోన్ బి. 150 నుంచి 350 సీసీ, ఐదేళ్ల లోపు బండికి జోన్ బి రేటు 1.76 శాతం. ఎలక్ట్రికల్‌కు ఐఎంటీ 24 అనే ఎండార్స్‌మెంట్ కింద 4 శాతం. ఏడాదికి 227, 304, కలిపి 531. నా పాలసీకి మిగిలింది ఐదు నెలలు కాబట్టి 221, మీద 18 శాతం జీఎస్టీ. మొత్తం 261. డిస్కౌంట్ ఇచ్చే కంపెనీలో ఇంకా తగ్గుతుంది.

డబ్బు కట్టిన క్షణం నుంచే కవర్ మొదలు. ఇన్‌స్పెక్షన్ అయిపోయింది కదా అని ధీమాగా ఉండొద్దు, పేమెంట్ లింక్ వచ్చి కట్టేదాకా ఆ సామాను పాలసీలో లేనట్టే. నాకు లింక్ పంద్రాగస్టుకు ముందు రోజు సాయంత్రం వచ్చింది, అప్పుడే కట్టేశాను. శుక్రవారం జెండా పండుగ, శనివారం కృష్ణాష్టమి, ఆదివారం. కాగితం ఆ సెలవులన్నీ అయ్యాక మెయిల్‌కు వచ్చింది. వచ్చాక చూడాల్సింది ఐడీవీ (పాలసీలో బండికి, సామానుకు కట్టిన విలువ) గడి. బండి, నాన్ ఎలక్ట్రికల్, ఎలక్ట్రికల్, మొత్తం అని నాలుగు అంకెలు విడిగా ఉండాలి. నా మొదటి కాపీలో ఎలక్ట్రికల్ గడిలో సున్నా, మొత్తం 20,520 నాన్ ఎలక్ట్రికల్‌లో పడింది. అలా వదిలేస్తే లైట్లు పగిలిన రోజు "ఎలక్ట్రికల్ డిక్లేర్ చేయలేదు" అనే మాట వస్తుంది. మెయిల్ చేస్తే సరిచేసి పంపారు.

ఇప్పుడు అసలు చేదు నిజాలు. పాలసీలో ఎక్కినా ఫాగ్ లైట్లు ఒక్కటే ఎవరైనా విప్పుకుని పోతే పైసా రాదు. టూవీలర్ పాలసీలో స్పష్టంగా ఉంది: బండితో పాటు పోతేనే యాక్సెసరీ దొంగతనానికి డబ్బు. కాజీపేట స్టేషన్ పార్కింగ్‌లో బండి పెట్టి పోయేవాళ్లు లైట్లకు యాంటీ థెఫ్ట్ నట్లు వేయించుకోవడమే దారి. అలాగే లైట్లు వాటంతట అవే పాడైతే అది బ్రేక్‌డౌన్, అది కూడా రాదు.

రెండోది తరుగుదల. క్లెయిమ్‌లో ఇనుప భాగాల మీద కోత బండి వయసును బట్టి ఉంటుంది, ఆ వస్తువు వయసును బట్టి కాదు. సామాను పెట్టించేనాటికి నా బండికి రెండేళ్లు దాటాయి కాబట్టి అప్పుడే బిగించిన లెగ్ గార్డ్‌కు కూడా 15 శాతం కోత, 3,900కు 3,315. మూడేళ్లు దాటితే 25 శాతం. ప్లాస్టిక్, రబ్బరుకు ఎప్పుడైనా సగమే. విండ్‌షీల్డ్ చూడ్డానికి అద్దమే అయినా అది ప్లాస్టిక్ కింద లెక్క, 2,700కు 1,350. అసలు అద్దానికి కోత లేదు, కానీ టూవీలర్ విండ్‌షీల్డ్‌లో అద్దం ఎక్కడిది? జీరో డిప్ (తరుగుదల కోయకుండా ఇచ్చే అదనపు కవర్) ఉంది కదా అనుకున్నాను, అది బయట నుంచి పెట్టినవాటికి వర్తించదని మెయిల్‌లో జవాబిచ్చారు. మీ కంపెనీని కూడా ఇదే ప్రశ్న మెయిల్‌లోనే అడగండి, ఫోన్‌లో చెప్పిన మాట రేపు పనికిరాదు.

పైగా చిన్న క్లెయిమ్ వేస్తే నో క్లెయిమ్ బోనస్ పోతుంది. మూడేళ్లు క్లెయిమ్ లేకపోతే ఓడీ మీద 35 శాతం తగ్గింపు. 1,20,000 ఐడీవీకి ఓడీ 2,112 అనుకుంటే బోనస్ 739. అది ఈ ఏడాదితో పోదు, తర్వాత మళ్లీ 20 శాతం నుంచి ఎక్కాలి. ఒక్క విండ్‌షీల్డ్ పగిలితే చేతి డబ్బుతో వేయించుకోవడమే నయం. ఎండార్స్‌మెంట్ పనికొచ్చేది బండి గట్టిగా పడి, లెగ్ గార్డ్, లైట్లు, ట్యాంకు, ఫోర్కులు ఒకేసారి దెబ్బతిన్నప్పుడు, లేదా బండే పోయినప్పుడు. రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే టోటల్ లాస్. అప్పుడు యాక్సెసరీల విలువ కూడా కలిపిన మొత్తం చేతికొస్తుంది, ఫైనాన్స్ ఉంటే ముందు వాళ్లకు.

2026 జనవరిలో రెన్యువల్. మేడారం జాతర 28 నుంచి, ఆ లోపు పాలసీ తెగనివ్వకూడదని ముందే కూర్చున్నాను. ఆన్‌లైన్ కోట్ తీస్తే యాక్సెసరీ గడులు రెండూ ఖాళీ. ముందు ఏడాది ఎక్కించింది దానంతట అది రాదు, మళ్లీ నింపాలి. సామానుకు ఆరు నెలలు దాటాయి కాబట్టి ఈసారి 85 శాతం: 11,560, 6,800. ఇక్కడ తమాషా ఏంటంటే ఆ గడిలో ఎంత కొట్టినా సైట్ తీసుకుంటుంది, బిల్లు అడగదు, ఫొటో అడగదు, ప్రీమియం మాత్రం పట్టుకుంటుంది. బిల్లులు, ఇన్‌స్పెక్షన్ అడిగేది క్లెయిమ్ అప్పుడే. అందుకని పాత ఎండార్స్‌మెంట్ నంబర్ జత చేసి మెయిల్ పంపి, అవే వస్తువులు కొనసాగుతున్నాయని జవాబు తీసుకున్నాకే డబ్బు కట్టాను. కంపెనీ మారేవాళ్లకు కొత్తగా ఇన్‌స్పెక్షన్ పడొచ్చు, గడువుకు పది రోజుల ముందే మొదలుపెట్టండి. తెగిన పాలసీకి ఎలాగూ ఇన్‌స్పెక్షన్ తప్పదు, 90 రోజులు దాటితే బోనస్ కూడా పోతుంది.

బండి ఐడీవీ ఈసారి మామూలు కన్నా ఎక్కువే దిగింది. మూడేళ్లు దాటితే 40 శాతం కోత ఒకటి, 350 సీసీ లోపు బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18కి తగ్గి కొత్త బండి ధరే దాదాపు 8 శాతం దిగడం ఇంకొకటి. ఐడీవీ లెక్క రెన్యువల్ నాటి కొత్త బండి ధర మీద కదా.

బిల్లులు తీసుకున్న రోజే జిరాక్స్ తీయించి పెట్టుకోండి. చార్జర్ బిల్లు చిన్న మెషీన్‌లో వచ్చే మెరుపు కాగితం మీద ఇచ్చారు, జనవరికి దాని మీద అక్షరాలు ఎగిరిపోయి దుకాణం పేరు కూడా కనిపించలేదు. జూలైలో మెయిల్‌కు పెట్టిన స్కాన్ ఉండబట్టి పని నడిచింది.